బడి సంతలో టిక్కెట్టు, బహుమతి

పాఠశాలకు డబ్బు కావలసివచ్చినపుడు పెద్దలకు మొదట తోచు మార్గము చందాల పుస్తకము. రెండవది వేడుక. చందాలో ఇచ్చువానికి కొంత బరువు, అడుగువానికి కొంత సిగ్గు ఉండును. వేడుకలో ఈ రెండును తగ్గును. పిల్లలు ఆడుకొందురు, తల్లులు చేసిన పిండివంటలు అమ్ముడుపోవును, ఊరివారు ఒక సాయంకాలము బడి ఆవరణలో తిరుగుదురు, వారు ఇండ్లకు మరలునప్పటికి నాలుగు డబ్బులు బడి పెట్టెలో చేరును. కొన్ని బళ్ళలో దీనిని ఆనందమేళా అందురు, కొన్నింటిలో ఫేట్ అందురు. కార్నివాల్ అను మాటయు ఇప్పుడు వాడుకలోనికి వచ్చినది. పేరేదైనను పని ఒకటే. మేము బడి సంత అనుచున్నాము.

సంతకు కావలసిన తోరణములు, పాటలు, మైకు, దీపములు వీనిని గురించి శ్రద్ధ వహించువారు ప్రతి ఊరను ఉందురు. ఎవరును అంతగా పట్టించుకొనని రెండు విషయములను గురించి మేము నేడు ముచ్చటింపదలచితిమి. ఒకటి టిక్కెట్టు, రెండవది బహుమతి.

టిక్కెట్టు డబ్బుతో చదువులు సాగుట మనకు క్రొత్త కాదు. హైదరాబాదులో ఏటేట జరుగు నుమాయిష్‌ను గురించి శ్రోతలు వినియే యుందురు. ఉస్మానియా విశ్వవిద్యాలయ పట్టభద్రులు కొందరు, నాటి రాష్ట్రపు ఆర్థిక పరిస్థితులను సర్వే చేయుటకు ధనము కూర్చుకొనదలచి, 1938లో పబ్లిక్ గార్డెన్సులో ఆ ప్రదర్శనమును ఆరంభించిరి. 1946లో అది నాంపల్లి మైదానమునకు మారెను. దానిని నడుపు ఎగ్జిబిషన్ సొసైటీ పక్షమున అనేక విద్యాసంస్థలు వెలసినవి. సరోజినీ నాయుడు వనితా మహావిద్యాలయము, కమలా నెహ్రూ మహిళా పాలిటెక్నిక్ వానిలోనివి. ద్వారమువద్ద టిక్కెట్టు కొని లోనికి పోయి, గాజులు బేరమాడి, మిర్చిబజ్జీలు తిని వచ్చినవారు తమకు తెలియకయే ఆ ఆడపిల్లల చదువునకు ఇంత ఇచ్చి వచ్చిరన్నమాట.

మన బడి సంత ఒక సాయంకాలపు పని. దానికి అంత హంగు లేదు. అయినను టిక్కెట్టు కొనువాని మనసులోని మాట రెండుచోట్లను ఒకటే. తానిచ్చిన డబ్బు చెప్పిన పనికే పోవునని, తాను గెలిచినచో బహుమతి తనకే వచ్చునని అతడు నమ్మును. ఆ నమ్మకమును మేము ఒకమారు దాదాపుగా పోగొట్టుకొంటిమి. ఆ ముచ్చట ముందు చెప్పెదము.

పదునైదేండ్ల క్రిందటి మాట. మా పిల్లలు చదువుచుండిన బడిలో రెండు గదుల పైకప్పు వానకు కారుచుండెను. మబ్బు పట్టినదన్న ఆ రెండు తరగతుల పిల్లలును పుస్తకములు చంకను పెట్టుకొని వరండాలోనికి వచ్చి నిలువవలసినదే. కప్పు బాగుచేయుటకై ఒక సంత జరుపవలెనని ఉపాధ్యాయులు, తల్లిదండ్రులు కలిసి సంఘముగా ఏర్పడితిమి. రేడియోలో పనిచేయువారు గనుక నలుగురితో మాటలాడగలరని మాకు టిక్కెట్ల పని అప్పగించిరి. మాటలాడుట వేరు, లెక్క చూచుట వేరు అని అప్పుడు వారికిని తోచలేదు, మాకును తోచలేదు.

పదిరూపాయల టిక్కెట్లు వేయి అచ్చువేయించితిమి. నూరు టిక్కెట్లకు ఒక పుస్తకము చొప్పున పది పుస్తకములైనవి. సంత చివర చీటీ తీసి, వచ్చిన అంకెవారికి ఒక సైకిలు ఇచ్చుటకు నిర్ణయించితిమి. ఆ సైకిలును వారము ముందుగనే బడి వాకిట నిలువబెట్టితిమి. టిక్కెట్లు చకచక అమ్ముడుపోయినవి. మరి అయిదువందలు కావలసివచ్చెను. అచ్చుకూటమునకు చీటి వ్రాయుచు, చివరి పుస్తకమును ఎదుట పెట్టుకొని, దాని అట్టమీద కనబడిన 901 అను అంకెనుండి మొదలుపెట్టుడని వ్రాసితిమి. అది ఆ పుస్తకపు మొదటి అంకె అనియు, చివరి అంకె 1000 అనియు తొందరలో గమనింపలేదు. ఈ విధముగా 901 మొదలు 1000 వరకు నూరు అంకెలు రెండేసిమారులు అచ్చుపడినవి. ఏ పుస్తకము ఎవరికిచ్చితిమో వ్రాసిన చిట్టా లేదు. కౌంటరుఫాయిలుమీద కొన్నవారి పేరు వ్రాయుటకు చోటుండెను గాని ఆ సందడిలో ఎవరును వ్రాయలేదు.

రాత్రి ఎనిమిది గంటలకు ఒక చిన్నపిల్లచేత చీటీ తీయించితిమి. వచ్చిన అంకె 947. మైకులో చదువగానే ఏడవ తరగతి కుఱ్ఱవాడొకడు టిక్కెట్టు పైకెత్తి పట్టుకొని పరుగున వచ్చెను. వాని తల్లి ఒక టిఫిను హోటలులో గిన్నెలు తోమును. వాడు సైకిలు సీటుమీద చేయి వేసియుండగనే వెనుకనుండి బజారులోని వర్తకుడొకరు వచ్చి తన టిక్కెట్టు బల్లమీద పెట్టిరి. అదియు 947. రెండును మేము అమ్మినవే.

సంఘమువారము షామియానా వెనుకకు పోయితిమి. వర్తకుడు ఇరువది టిక్కెట్లు కొన్నారు, షామియానాకు సాయము చేసినారు, సైకిలు వారికిచ్చి పిల్లవాని చేతిలో వంద రూపాయలు పెట్టుదమని ఒకరనిరి. ఇద్దరి పేర్లతో మరల చీటీ వేయుదమని మరియొకరు. అచ్చుకూటమువారి తప్పని ప్రకటించి చేతులు దులుపుకొందమని ఇంకొకరు. ఇంతలో ఆ కుఱ్ఱవాడు గుడ్డ తొలగించి లోనికి తొంగిచూచి, "సార్, నంబరు నాదే గదండీ?" అని అడిగెను. అవునని తప్ప వానితో చెప్పుటకు మాకు వేరొక మాట లేకపోయెను.

తప్పు మాది గనుక మైకువద్దకు మేమే పోవలసివచ్చెను. ఏండ్ల తరబడి మైకు ముందు కూర్చున్న మాకు ఆ రాత్రి గొంతు పెగలలేదు. అంకెలు రెండుమారులు పడినవనియు, చీటి వ్రాసినది మేమేననియు, ఇద్దరికిని చెరియొక సైకిలు ఇచ్చెదమనియు చెప్పితిమి. రెండవ సైకిలుకు మూడువేల రూపాయలైనది. సంఘమువారము తలా కొంత వేసికొన్నను కప్పు పనికి డబ్బు చాలలేదు. ఆ ఏడు ఒక గది మాత్రమే బాగుపడెను. రెండవ గది పిల్లలు మరియొక వానకాలము వరండాలోనే నిలిచిరి. దారిని పోవుచు వారిని చూచినప్పుడెల్ల మాకు ఆ 901 కన్నులకు కట్టెడిది.

ఆ తరువాత మేము నేర్చుకొన్న సంగతులు ఇవి. వీనిలో గొప్ప విద్య ఏదియు లేదు.

టిక్కెట్లు ఒకేమారు, ఒకే వరుసలో అచ్చువేయింపవలెను. చాలవని తోచినచో రెండవ విడతకు వేరు రంగు కాగితము వాడవలెను. అచ్చుకూటమునకు ఇచ్చు చీటిలో మొదటి అంకె, చివరి అంకె రెండును వ్రాసి, మరియొకరు చదివి సంతకము చేసిన పిదపనే పంపవలెను. నూరు టిక్కెట్ల పుస్తకముకంటె ఇరువదియైదు టిక్కెట్ల పుస్తకము మేలు. పోయినను, చినిగినను నష్టము తక్కువ. లెక్కయు త్వరగా తేలును.

పుస్తకము ఇచ్చునపుడే ఒక చిట్టాలో దాని అంకెలు, తీసికొన్నవారి పేరు, తేదీ వ్రాసి సంతకము తీసికొనవలెను. మరల వచ్చినపుడు లెక్క చూచు విధము సులభము. పదునెనిమిది కౌంటరుఫాయిలులు, ఏడు అమ్ముడుపోని టిక్కెట్లు, నూటయెనుబది రూపాయలు వచ్చినవనుకొందము. పదునెనిమిదియు ఏడును ఇరువదియైదు. పదునెనిమిది పదులు నూటయెనుబది. లెక్క సరి. ఒక టిక్కెట్టు తక్కువైనచో అప్పుడే, ఆ మనిషి ఎదుటనే తెలియును. పదిదినముల తరువాత తెలిసినచో అది లెక్క కాదు, అనుమానమగును. అమ్ముడుపోని టిక్కెట్లను సంత మొదలుకాకమునుపే మూల కత్తిరించి కట్టకట్టి పెట్టవలెను.

పిల్లలచేత టిక్కెట్లు అమ్మించుటను గురించి ఒక మాట. ప్రతి పిల్లవాడును పది టిక్కెట్లు అమ్మితీరవలెనని కొన్నిచోట్ల నియమము పెట్టుదురు. ఎవరు ఎన్ని అమ్మిరో నల్లబల్లమీద వ్రాయుదురు. ఆఫీసులో పనిచేయు తండ్రి పది టిక్కెట్లను పది నిమిషములలో స్నేహితులకు అంటగట్టి రాగలడు. కూలికి పోవు తల్లి ఎవరికి అమ్మును? బిడ్డ తలవంపులు చూడలేక పదియు తానే కొనును. ఆ నూరు రూపాయలు ఆ ఇంటి కూరానారకు పోవలసినవి. ఇట్టిది సాయము కాదు, పన్ను. అమ్మగలిగినవారికి మాత్రమే పుస్తకములు ఇచ్చి, అమ్మకపు లెక్కలను తరగతిగదిలోనికి రానీయకుండుట పెద్దల ధర్మము. చిన్నపిల్లలను ముక్కుమొగము తెలియని ఇండ్లకు పంపుటయు తగదు.

సంతనాడు డబ్బు ఒక్కచోటనే చేతులు మారవలెను. ద్వారము ప్రక్కన ఒక బల్ల, దానివద్ద ఇద్దరు పెద్దలు. వారు పదిరూపాయల కూపనులు అమ్ముదురు. అంగళ్ళలో కూపనులే చెల్లును. వడియాల అంగడిలోని పిల్ల కూపను అందుకొని, సగము చించి, చీలిక పెట్టిన డబ్బాలో వేయును. అన్ని ధరలును పది, ఇరువది, ముప్పది రూపాయలుగా ఉన్నచో చిల్లర బాధ లేదు. సంత ముగిసినపుడు ఏ డబ్బాలో ఎన్ని కూపనులున్నవో లెక్కించినచో ఏ అంగడి ఎంత సంపాదించినదో తేలును. మరుసటి ఏటికి ఏది పెంచవలెనో ఏది మానవలెనో కూడ తెలియును. కొన్నవారి చేతిలో కూపనులు మిగిలినచో, సంత మూయుటకు అరగంట ముందు మైకులో చెప్పి, డబ్బు తిరిగి ఇచ్చుట న్యాయము. చాలమంది తీసికొనరు. అయినను తీసికొనుడని చెప్పవలెను.

ఇప్పుడు సెల్‌ఫోనుతో చెల్లించుట ఊరూర అలవాటైనది. బల్లమీద పెట్టు ఆ నలుపు తెలుపు గళ్ళ బొమ్మ బడి ఖాతాదో, సంఘపు ఖాతాదో కావలెను. ఎంత నమ్మకస్థుడైనను ఒక మనిషి సొంత ఖాతాది కారాదు. ఆయనను అనుమానించి ఈ మాట చెప్పుటలేదు. రేపు ఎవరును ఆయనను అనుమానింపకుండుటకే చెప్పుచున్నాము. చెల్లించినవారు చూపు తెరను చూచి కూపను ఇచ్చుటకంటె, మన ఫోనునకు సమాచారము చేరినదని చూచుకొని ఇచ్చుట క్షేమము.

ఇక బహుమతులు. పెద్ద బహుమతి ఒకటి పెట్టినచో జనము వత్తురని మేము అనుకొంటిమి. వత్తురు, కాని ఒక్కరు తప్ప అందరును వట్టిచేతులతో మరలుదురు. పిల్లవానికి కావలసినది ఇంటికి పట్టుకొనిపోవుటకు ఏదో ఒకటి. పెన్సిలు, బొంగరము, రబ్బరు బంతి, రంగుల పెట్టె, కథల పుస్తకము ఇట్టివి వానికి చాలును. కావున చిన్న బహుమతులు ఎక్కువగా ఉండవలెను.

ఎన్ని ఉండవలెనో ఊహించి చెప్పరాదు, ఆడించి చూడవలెను. పది రూపాయలకు మూడు రింగులు విసరు ఆట ఉన్నదనుకొందము. సంతకు రెండుదినములు ముందు, వేరువేరు తరగతుల పిల్లలచేత నూరుమారులు ఆడింపవలెను. నూటికి పండ్రెండుమంది గెలిచిరనుకొందము. నూరుమంది ఆడినచో వచ్చునది 1000 రూపాయలు. బహుమతి 25 రూపాయలదైనచో పండ్రెండింటికి 300 పోగా 700 మిగులును. బహుమతి 80 రూపాయలదైనచో 960 పోయి 40 మాత్రమే మిగులును. అంతమంది పడిన శ్రమయు వృథా. అట్లని రింగును మరీ చిన్నది చేసి, నూటికి ఇద్దరే గెలుచునట్లు చేసినచో, చీకటిపడకమునుపే ఆ అంగడివద్ద ఈగలు ముసురును. వచ్చిన డబ్బులో మూడవ వంతుకు మించకుండ బహుమతులకు పోవలెనని మేము పెట్టుకొన్న కొలత. నాలుగువందలమంది ఆడుదురని తోచినచో బహుమతులు నలుబదియెనిమిది కావలెను. అరువది తెచ్చియుంచుట మంచిది. గెలిచినవానికి బహుమతి అయిపోయినదని చెప్పుటకంటె చెడ్డపని సంతలో మరియొకటి లేదు.

చిన్నవారికొక గీత, పెద్దవారికొక గీత గీయవలెను. నియమములను పలకమీద వ్రాసి వ్రేలాడదీయవలెను. అంగడిలో పేర్చిన వస్తువే చేతికి ఇయ్యవలెను. అద్దములో గడియారము చూపి చేతిలో దువ్వెన పెట్టుట తగదు. సంఘమువారును, వారి పిల్లలును బహుమతులకు ఆడకుండుట మేలు. న్యాయముగా గెలిచినను లోకము ఊరకుండదు.

బహుమతులను దుకాణదారులనుండి దానముగా తెచ్చుటయు కలదు. ఇచ్చినవారి పేరును, వస్తువును వ్రాసి పలకమీద పెట్టినచో వారికి తృప్తి, మనకు లెక్క. కాని ఇండ్లలో మూలపడిన వస్తువులను బహుమతులని పంపువారును కలరు. మూత లేని ఫ్లాస్కు, బీట వారిన కప్పు ఇట్టివి గెలిచిన పిల్లవానికి ఇచ్చినచో వాడు గెలిచినట్లా, ఓడినట్లా? వానిని మర్యాదగా ప్రక్కకు పెట్టవలెను.

లాటరీని గురించి ప్రత్యేకముగా చెప్పవలసియున్నది. డబ్బిచ్చి చీటీ కొనుట, కేవలము అదృష్టముచేత బహుమతి పొందుట, ఇదియే లాటరీ. సైకిలుకు మేము తీసిన చీటీయు అదియే. అప్పటికి మాకు చట్టము తెలియదు. ప్రభుత్వపు లాటరీ గాక, ప్రభుత్వానుమతియు లేక, లాటరీ తీయుటకై కార్యాలయము గాని స్థలము గాని నడుపుటను 1870లో భారత శిక్షాస్మృతికి చేర్చిన 294ఎ సెక్షను నేరముగా పరిగణించెను. 2024 జూలై 1 నుండి ఆ స్మృతికి బదులుగా అమలులోనికి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 297వ సెక్షను ఇదే మాట చెప్పుచున్నది. శిక్ష ఆరునెలల వరకు ఖైదు గాని, జరిమానా గాని, రెండును గాని. మంచిపనికై తీసిన లాటరీ అని ఆ సెక్షనులో మినహాయింపు కానరాదు. సంతకు ముందు వకీలునో అధికారినో అడిగి తెలిసికొనుట వివేకము. అంతకంటె, చీటీని మాని నేర్పు చూపు ఆటలను పెట్టుట మరింత వివేకము.

మరుసటి ఏడు మేము అట్లే చేసితిమి. సైకిలు లేదు. దాని స్థానములో ఒక పెద్ద గుమ్మడికాయను బల్లమీద పెట్టితిమి. పది రూపాయల కూపను ఇచ్చి, కాయను చేతులతో ఎత్తి చూచి, బరువు చెప్పవలెను. సరియైన బరువునకు ఎక్కువ దగ్గరగా చెప్పినవారికి స్టీలు బిందె. ఉదయముననే ముగ్గురి ఎదుట కాయను తూచి, బరువు వ్రాసి, కవరులో పెట్టి సీలు వేసితిమి. ఇద్దరు ఒకే బరువు చెప్పినచో ముందు చెప్పినవారిదే గెలుపని పలకమీద వ్రాసితిమి. లెక్కల మాస్టరుగారు కాయ చుట్టుకొలత టేపుతో కొలిచి చాలసేపు గుణించి, 8 కిలోలనిరి. బడి గేటు ఎదుట కూరలమ్ము అవ్వ కొంగు దోపుకొని, కాయను ఒక్కమారు ఎత్తి దించి, "ఆరు కిలోల నాలుగువందలు నాయనా" అనెను. కవరులో ఉన్నది 6 కిలోల 350 గ్రాములు. చప్పట్లు మ్రోగినవి. మాస్టరుగారే స్వయముగా బిందెను అవ్వ చేతికందించిరి. ఆ బల్లవద్ద వచ్చిన డబ్బు, క్రిందటి ఏటి సైకిలు చీటీలో ఖర్చులు పోగా మిగిలినదానికి ఏమంత తీసిపోలేదు.

సంత అయిన వారములోగా లెక్కను బడి నోటీసుబోర్డుమీద పెట్టవలెను. టిక్కెట్లపై వచ్చినది, కూపనులపై వచ్చినది, దానముగా వచ్చినది ఒకవైపు; అచ్చునకు, షామియానాకు, బహుమతులకు అయినది మరియొకవైపు; మిగిలినది అడుగున. దానితో ఏమి చేసితిమో పని పూర్తియైన పిదప ఆ క్రిందనే వ్రాయవలెను. పై తరగతుల పిల్లలచేతనే ఆ కూడిక వేయించుట మంచిది. పాఠ్యపుస్తకములోని లెక్క తప్పినచో మార్కులు పోవును. ఈ లెక్క తప్పినచో ఏమగునో మా బడి పిల్లలు ఒక వానకాలమంతయు చూచినవారే.

రెండవ సంత డబ్బుతో రెండవ గదికి కప్పు పడెను. ఆ సంతనాడు టిక్కెట్ల బల్లవద్ద మాకు సాయముగా కూర్చున్నవాడు 947 కుఱ్ఱవాడే. అప్పటికి ఎనిమిదవ తరగతి. సైకిలును బల్లకు ఆనించి, తాళము వేసి, కౌంటరుఫాయిలుమీద కొన్నవారి పేరు వ్రాసిన తరువాతగాని వాడు ఒక్క టిక్కెట్టును కూడ చించి ఇయ్యలేదు. వెనుకనున్నవారు తొందరపెట్టినను, "పేరు చెప్పండి, వ్రాసుకుంటాను" అనుచునేయుండెను.